నాయిన కట్టిన మోటర్లు

వార్నిషు వాసన తగిలిందంటే మా ఇంట్లో ఎవరికైనా ముందు నాయినే యాదికొస్తాడు. ఆ వాసన ఆయన అంగీలకు, మంచం నవారుకు, మా బడి సంచులకు కూడా పట్టి ఉండేది. మొన్న ఆయన సంవత్సరీకానికి చుట్టాల కంటే రైతులే ఎక్కువ వచ్చారు. చింతపల్లి, నాంపల్లి, గుర్రంపోడు, పీఏ పల్లి దిక్కుల నుంచి. భోజనాలయ్యాక వేపచెట్టు కింద కూర్చుని వాళ్లు మాట్లాడుకున్నదంతా మోటర్ల ముచ్చటే. ఎవరి మోటరు ఏ కరువులో కాలింది, నాయిన ఎంత రాత్రికి కట్టిచ్చాడు, ఆ తర్వాత ఎన్ని పంటలకు నీళ్లు పోసింది. అవన్నీ వింటుంటే ఇవి రాసిపెట్టాలనిపించింది. మోటరు కట్టడమంటే కాలిన పంపు మోటరులో పాత రాగి తీసి కొత్త రాగి వైరు చుట్టడం, వైండింగ్. ఆయన ఇల్లు ఎట్లా నడిపాడో చెప్పాలంటే మోటరు ఎట్లా కట్టేవాడో చెప్పక తప్పదు.

*

నల్గొండ జిల్లా మల్లేపల్లి చౌరస్తా దాటాక రోడ్డు పక్కన రేకుల షెడ్డు. ముందు దుకాణం, వెనక రెండు గదుల ఇల్లు. మధ్యలో తలుపు ఉండేది గానీ పగలు ఎప్పుడూ మూసేవాళ్లు కాదు. ఎడమ గోడకు వరుసగా రాగి వైరును కాయిళ్లుగా చుట్టే కొయ్య అచ్చులు, ఫర్మాలు, వేలాడేవి, ఒక్కో సైజు కాయిలుకు ఒక్కో ఫర్మా. టేకు ముక్కలు తెచ్చి ఆయనే చెక్కుకున్నవి. వాటి కింద చేత్తో తిప్పే చుట్టుడు మిషను, దానికి చుట్లు లెక్కపెట్టే చిన్న మీటరు. మూలకు ఒక పాత ఆయిలు డ్రమ్ము ఉండేది. లోపల నాలుగు 200 వాట్ల బల్బులు బిగించి, వార్నిషు పోసిన స్టాటరును, అంటే మోటరులో కాయిళ్లు కూర్చునే తిరగని ఇనుప భాగాన్ని, అందులో దించి రేకు మూత పెట్టేవాడు. తెల్లారేదాకా ఆ వేడికి ఆరేది. చలికాలం రాత్రుల్లో ఆ డ్రమ్ము చుట్టూ మా పడకలు ఉండేవి.

తాత మోట కొట్టినవాడు. నాయిన చిన్నప్పుడే నల్గొండలో ఒక వైండింగ్ దుకాణంలో చేరాడు. మొదట్లో ఆయనకు కాయిలు చేతికివ్వలేదట. స్లాట్లలో, అంటే స్టాటరు లోపలి గాడుల్లో, పెట్టే కాగితం కత్తిరించడం, వెదురు పుల్లలు చీరి నునుపు చేయడం, ఇదే పని. అప్పుడు బావుల మీద ఇంకా ఆయిల్ ఇంజన్లే ఎక్కువ. పొద్దుగాల లేస్తే నాలుగు దిక్కులా డుబ్బు డుబ్బుమని చప్పుడు వినిపించేదని చెప్పేవాడు. తర్వాత మోటరూ పంపూ ఒక్కటిగా ఉండే కరెంటు మోనోబ్లాకులు వచ్చాయి. బావి లోపల దిమ్మె కట్టి, దాని మీద మోటరు కూర్చోబెట్టేవాళ్లు. ఆ తర్వాత బావులు ఎండి బోరు బండ్లు దిగాయి. మొదట 150 అడుగులు, తర్వాత 300, ఆపైన 500 దాటి కూడా పోయారు. బావి పక్కనే బోరు, బోరు పక్కన ఇంకో బోరు. ఇన్ని మార్పులూ ఆయన ఒక్క చేతి మీదుగానే పోయాయి.

*

మోటర్లకు కాలే కాలం ఒకటి ఉంటుంది. యాసంగి నాట్లు పడ్డాక మొదలై, వరి పొట్టకొచ్చే రోజులకు పెరిగి, ఎండాకాలం బత్తాయి తోటలకు నీళ్లు కట్టేటప్పుడు ఆగకుండా వచ్చేవి. కరెంటు రెండు విడతలుగా ఇచ్చిన రోజులవి, అందులో ఒక విడత రాత్రిపూట. లైను రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటర్లన్నీ ఒక్కసారే లేచేవి, ఎందుకంటే అందరూ ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. అన్ని మోటర్లూ ఒకేసారి గుంజితే వోల్టేజి కూలబడుతుంది. 415 వోల్టులు ఉండాల్సింది 300కు పడితే మోటరు బలం ఇంచుమించు సగానికి తగ్గుతుంది. పైకి ఎత్తాల్సిన నీళ్ల బరువు మాత్రం తగ్గదు. అప్పుడు మోటరు ఆంపియర్లు ఎక్కువ గుంజి వేడెక్కుతుంది, లేదంటే ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఒక ఫ్యూజు కొట్టేస్తుంది. ఫ్యూజు పోవడం ఇంకా చెరుపు.

కాలిన మోటరు తెచ్చిన రైతును నాయిన ముందు కూర్చోబెట్టి నీళ్లిచ్చేవాడు. మోటరును అప్పుడే ముట్టేవాడు కాదు. అడిగేవి ఎప్పుడూ అవే ప్రశ్నలు. "కరెంటు ఎన్నింటికొచ్చింది? పక్క మోటర్లు నడిచినయా? నీళ్లు సన్నగైకుంట వచ్చినయా, ఒక్కసారే ఆగినయా? ఫ్యూజు ఎవరేసిన్రు?" ఆ తర్వాత మూతలకు, బాడీకి పంచుతో గుర్తులు కొట్టి, బేరింగు పుల్లరు తగిలించి, లోపల తిరిగే రోటరు బయటికి తీసి, స్టాటరును వెలుతురు పడేటట్టు తిప్పి పట్టుకునేవాడు.

కాయిళ్లను చూసి రోగం చెప్పేవాడు. స్టారులో, అంటే మూడు ఫేజుల కాయిళ్ల కొసలు ఒకచోట కలిపి, కట్టిన మోటరులో రెండు ఫేజుల కాయిళ్లు మాడి బొగ్గై, మూడో ఫేజువి ఎర్రగా కొత్తవాటి తీరు మెరుస్తుంటే, ఒక ఫ్యూజు పోయి రెండు ఫేజుల మీదే నడిచిందని అర్థం. డెల్టాలో, అంటే ముక్కోణంలా ఒకదాని కొసకు ఇంకోటి కలిపి, కట్టినదైతే తిరగబడుతుంది, ఒక్క ఫేజే మాడి మిగతా రెండూ మంచిగుంటాయి. 5 హెచ్‌పీ మోటరు నిండు లోడు మీద 7.5 ఆంపియర్లు గుంజుతుంది. ఒక ఫేజు పోతే మిగతా రెండు వైర్లలో అదే 12, 13 ఆంపియర్ల దాకా పోతుంది. ఓవర్‌లోడ్ రిలే సరిగ్గా ఉంటే స్టార్టరు పడిపోవాలి, మోటరుకు కరెంటు ఆగాలి. మూడు ఫేజులూ ఒక్కతీరుగా నల్లబడితే లో వోల్టేజి, లేదా బోరులో నీళ్లు అయిపోయి వట్టిగా తిరిగింది. ఒకేచోట చిన్న గుంట పడి రాగి కరిగి ఉంటే అక్కడ ఇన్సులేషన్ చెడి చుట్టుకు చుట్టు తగిలింది, లేదా కాయిలు బాడీకి తగిలింది. ఆ ఒక్కటి మాత్రం కట్టినవాడి మీదికి వస్తుంది. తాను కట్టిన మోటరు అట్లా తిరిగొస్తే మళ్లీ కట్టినందుకు పైసా తీసుకునేవాడు కాదు, రాగి కూడా తనదే.

"నీ మోటరు మంచిదే పటేలా. స్టార్టరు బటన్‌కు పుల్ల పెట్టినవా లేదా, అది చెప్పు" అనేవాడు. చాలామంది పెట్టేవాళ్లు. వోల్టేజి లేక స్టార్టరు మాటిమాటికీ పడుతుంటే బటన్ కింద ఇంత పుల్ల దోపి నిలబెట్టేవాళ్లు. మోటరును కాపాడే ఒక్కగానొక్క దాన్ని అట్లా నోరు కట్టేసేవాళ్లు. కొందరు కండెన్సర్లు పెట్టి రెండు ఫేజుల మీదే మోటరు నడిపేవాళ్లు. పొట్టమీదున్న వరిని చూసుకుంటూ ఎవరూ ఊరుకోలేరని నాయినకు తెలుసు, అందుకే వాళ్ల మీద కోపం చేయలేదు. స్టార్టరు కూడా తెమ్మని చెప్పి, రిలే స్క్రూ ఎంతలో పెట్టాలో చూపించి, దాని మీద ఎర్ర పెయింటుతో గీత గీసి పంపేవాడు.

*

పాత కాయిలు తీయడం దగ్గరే మంచి పనికీ చెడ్డ పనికీ తేడా పడుతుందని ఆయన నమ్మకం. తొందరలో చాలామంది స్టాటరును నిప్పుల్లో వేసి కాలుస్తారు. వార్నిషు కాలిపోయి కాయిలు సులువుగా ఊడొస్తుంది నిజమే. కానీ స్టాటరు లోపలి రేకుల మధ్య ఉండే సన్నటి ఇన్సులేషన్ కూడా అప్పుడే కాలిపోతుంది. ఆ రేకులు ఒకటికొకటి తగిలి ఇనుమే వేడెక్కడం మొదలవుతుంది. కొత్త కాయిలు ఎంత బాగా కట్టినా లోడు లేకుండానే ఎక్కువ ఆంపియర్లు చూపిస్తుంది, రెండు పంటలకే మళ్లీ దుకాణానికొస్తుంది. నాయిన ఒక పక్క కాయిళ్ల తలలను ఉలితో తెగ్గొట్టి, రెండో పక్క నుంచి పట్టకారుతో ఒక్కో స్లాటు గుంజేవాడు. గట్టిగా పట్టుకుపోయిన చోట కొద్దిగా వెచ్చచేసేవాడు తప్ప మంటలో పెట్టలేదు.

తీసిన రాగిని రైతు కళ్లముందే తూచేవాడు. తక్కెడ దుకాణం నడిమధ్య ఉండేది. పాత రాగి ఇన్ని కిలోలు, ధర ఇంత, కొత్త వైరు ఇన్ని కిలోలు, ధర ఇంత, ఆ తేడా, ఆ పైన కూలీ. మూడూ వేరువేరుగా చీటీ మీద రాసిచ్చేవాడు. రాగి దగ్గర అబద్ధమాడటం ఈ పనిలో చాలా సులువు. ఆ సులువు పైసలతో మేం ఒక్కపూటా తినలేదు.

గేజు, అంటే వైరు లావు, కొలిచేటప్పుడు పాత వైరు కొసకు అగ్గిపుల్ల అంటించి, ఎనామిల్ కాల్చి, బట్టతో తుడిచి, ఆ తర్వాతే గేజు పెట్టేవాడు. ఎనామిల్‌తోటి కొలిస్తే ఒక నంబరు లావు చూపిస్తుంది. లావు వైరు దొరకనప్పుడు రెండు సన్న పోగులు కలిపి కట్టేవాడు. సన్నవైతే స్లాటులో ఒద్దికగా కూర్చుంటాయి కూడా. 24 స్లాట్లు ఉండి నిమిషానికి 2880 చుట్లు తిరిగే మోటరుకు పెద్ద కాయిలు 1వ స్లాటు నుంచి 12వ దానికి, దాని లోపల చిన్న కాయిలు 2 నుంచి 11కు. స్లాటు లోపల ముందు లెదరాయిడ్ కాగితం, అంచులు రెండువైపులా మడిచి. ఆ మడత లేకపోతే రాగి స్లాటు కొసకు ఒరుసుకుని అక్కడే బాడీకి కరెంటు దొరుకుతుంది. కాయిలు దించాక పైన వెదురు పుల్ల. తలలను తెల్లటి నాడా టేపుతో బిగించి కట్టి, 100 వాట్ల సిరీస్ బల్బుతో బాడీకి పెట్టి చూసేవాడు. బల్బు ఏ కొంచెం ఎర్రబడ్డా మళ్లీ విప్పుడే.

*

బోరు నీళ్లలో మునిగి నడిచే సబ్‌మెర్సిబుల్ మోటర్లు వచ్చాక ఒక్కడి చేతితో అయ్యే పని కాకుండా పోయింది. నీళ్లు నింపే మోటర్లలో ఎనామిల్ వైరు పనికిరాదు, ప్లాస్టిక్ పొర చుట్టిన రాగి వైరు వాడతారు. దీనికి వార్నిషు ఉండదు. ఫర్మా మీద చుట్టిన కాయిలును స్లాటులో దించడానికీ వీలుండదు, స్లాటు నోరు చిన్నది. వైరు కొసను ఒక స్లాటులోంచి అవతలికి పంపి, అక్కడి నుంచి ఇంకో స్లాటులోకి తిప్పి ఇవతలికి గుంజాలి. ప్రతి చుట్టూ ఇట్లాగే. అటు ఒకరు, ఇటు ఒకరు కూర్చోవాలి.

అవతల కూర్చున్నది అమ్మ.

రాత్రి అన్నాలు తిన్నాక దుకాణం నడుమ గోనెపట్టా పరిచి, రెండు కొయ్యదిమ్మెల మధ్య స్టాటరును అడ్డంగా పెట్టేవాళ్లు. నాయిన ఇటు నుంచి వైరు తోసేవాడు, అమ్మ అటు నుంచి అందుకుని గుంజి పక్క స్లాటులోంచి తిరిగి పంపేది. ఇద్దరూ పైకే లెక్కపెట్టేవాళ్లు. "ముప్పైరెండు." "ముప్పైరెండు." ఒకరన్న అంకె రెండోవాళ్లు అనకపోతే అక్కడ ఆగి స్లాటులో వైర్లు వేలితో లెక్కపెట్టుకునేవాళ్లు. వైరు ఎక్కడా ముడి పడొద్దు, మెలిక తిరగొద్దు, ఇనుప అంచుకు గీసుకోవద్దు. ప్లాస్టిక్ మీద గోరంత గీత పడినా నీళ్లలోకి దిగాక కరెంటు అక్కడి నుంచే బాడీకి దొరుకుతుంది. స్లాటు నడుమ జాయింటు వేయడానికి వీల్లేదు కాబట్టి, ఒక కాయిలుకు ఎన్ని మీటర్లు పడుతుందో ముందే లెక్కగట్టి అంత పొడుగు కోసుకోవాలి. ఆ లెక్కలు నాయిన వేసేవాడు. వైరు మీద సబ్బు నురగ పలచగా రాస్తే ఒరుసుకోకుండా జారుతుందన్నది అమ్మ ఉపాయం.

ఆ పనిలో ఉన్నప్పుడు ఇంటి ముచ్చట్లన్నీ నడిచేవి. మేనత్త కాన్పు, అక్క ఫీజు, బియ్యం ఎన్నిరోజులకు వస్తాయి, ఎవరు పైసలియ్యాలె, ఎవరిని అడగొద్దు. నడుమ నడుమ అంకెలు. అమ్మ అరచేతుల్లో వైరు గీతలు చూసి నాయిన ఎక్కడి నుంచో పాత తోలు చెప్పు ముక్కలు తెచ్చి, వేళ్లకు తొడిగే తొడుగులు కుట్టిచ్చాడు. పన్నెండు గంటలు దాటితే "నువ్వు పో, పొద్దుగాల చేద్దాం" అని లేపేసి, తను మాత్రం బుష్‌లు, థ్రస్టు బేరింగు ముందేసుకుని కూర్చునేవాడు.

*

మోటరు కట్టడం సగం పని. బోరులో దించడం మిగతా సగం, దానికి ఊరికి పోవాలి. మొదట సైకిలు, తర్వాత లూనా, చివరి వరకు ఎక్సెల్ మోపెడ్. వెనక టూల్సు సంచి, హ్యాండిల్‌కు సద్ది డబ్బా.

ఇనుప పైపుల రోజుల్లో మూడుకాళ్ల స్టాండు వేసి, చైన్ పుల్లీ కట్టి గుంజేవాళ్లు. ఒక్కో పైపు 20 అడుగులు. 300 అడుగుల లోతంటే 15 పైపులు. పంపు పైన వాల్వు ఉంటుంది కాబట్టి పైపుల నిండా నీళ్లు అట్లాగే నిలబడతాయి, ఆ బరువు కూడా కలిపి లేపాలి. ఒక పైపు పైకి రాగానే సాకెట్ కింద క్లాంపు బిగించి, పై పైపును తిప్పి విప్పి, మళ్లీ కొక్కెం కిందికి తగిలించాలి. క్లాంపు బోల్టు సరిగ్గా పట్టకపోతే పైపు జారి మోటరుతో సహా బోరులో పడుతుంది. ఆరున్నర ఇంచుల బోరులో అడ్డం పడిన మోటరును తీయడం ఎవరి తరమూ కాదు, మోటరూ పోతుంది, బోరూ పోతుంది. అందుకే నాయిన మోటరుకు విడిగా నైలాన్ తాడు కట్టి పైన గట్టి కొయ్యకు బిగించకుండా ఎప్పుడూ దించలేదు. "తాడు ధర నేనిస్త, కట్టనియ్యి" అని రైతుతో వాదించిన రోజులున్నాయి.

పనికి కూర్చునే ముందు స్టార్టరు కాడ మూడు ఫ్యూజులూ పీకి తన అంగీ జేబులో వేసుకునేవాడు. ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. ఆటో స్టార్టరు ఉన్న చోట లైను ఎప్పుడొస్తుందో తెలియదు, మనిషి నీళ్లలో నిలబడి ఉంటాడు. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు అమ్మ రోజూ అనే మాట, "ఫ్యూజులు జేబుల ఏసుకో." ఆయన రోజూ అనే మాట, "ఏసుకుంట."

కేబులు జాయింటు మాత్రం ఎంత తొందరున్నా ఒక్కతీరుగానే చేసేవాడు. మూడు వైర్లనూ ఒకే పొడుగున కోయకుండా మెట్లు మెట్లుగా కోసేవాడు. అప్పుడు మూడు జాయింట్లూ ఒకదాని పక్కన ఒకటి పడవు, టేపు లోపల నీరు చేరినా ఫేజుకు ఫేజు దొరకదు. రాగి పోగులను గీకి మెరిసేదాకా శుభ్రం చేసి, మెలేసి, టిన్ను అంటించి, మొదట రబ్బరు టేపు సాగదీసి సగం మీద సగం వచ్చేటట్టు చుట్టి, పైన పీవీసీ టేపు. ఆ తర్వాత జాయింటును బకెట్టు నీళ్లలో ముంచి, ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెట్టి చూసేవాడు. రైతు తొందరపెడుతుంటే ఒక బీడీ ఇచ్చి కూర్చోబెట్టేవాడు. నీళ్లలో కాలే మోటర్లలో చాలావాటికి కాయిలు కాదు, జాయింటే కారణం.

దించే ముందు మోటరు లోపల మంచినీళ్లు నింపాలి. పైన ఉన్న రెండు బిరడాలూ విప్పి, ఒకదాంట్లో మెల్లగా పోస్తే రెండోదాంట్లోంచి గాలి బుడగలు వస్తాయి. మోటరును కాస్త అటూ ఇటూ ఊపి, బుడగలు పూర్తిగా ఆగేదాకా పోయాలి. లోపల గాలి మిగిలితే కింద రోటరు బరువు మోసే థ్రస్టు బేరింగు వరకు చల్లదనం అందక కార్బన్ ముక్క అరిగి పొడవుతుంది, రోటరు కిందికి దిగి రాసుకుంటుంది. ఈ పని మరిచిపోయి దించిన కొత్త మోటర్లు వారం తిరక్కుండా దుకాణానికి రావడం ఎన్నోసార్లు జరిగింది. చివరగా ఆన్ చేసి నీళ్లు చూసేవాడు. మోటరు తిరుగుతున్నా నీళ్లు పలచగా వస్తే ఫేజు తిరగబడిందన్నట్టు, మూడింటిలో ఏ రెండు వైర్లు మార్చినా సరి. టంగ్ టెస్టరు పెట్టి మూడు ఫేజుల ఆంపియర్లూ రైతుకు చూపించి, చీటీ వెనక రాసిచ్చి, అప్పుడు చేతులు కడుక్కునేవాడు.

*

ఎంత రాత్రైనా పరాయి ఊళ్లో పడుకోలేదు. రెండింటికో మూడింటికో ఎక్సెల్ చప్పుడు వినబడితే అమ్మ లేచి కట్టెల పొయ్యి మీద నీళ్లు పెట్టేది. ముందు కిరోసిన్‌తో మోచేతుల దాకా తుడుచుకుని, సబ్బుతో కడుక్కుని, మమ్మల్ని లెక్కపెట్టినట్టు ఒక్కొక్కరి మీద దుప్పటి సరిచేసి, అప్పుడు జొన్నరొట్టె, పచ్చిపులుసు ముందుకు కూర్చునేవాడు. జేబులో ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది, పల్లీ పట్టీనో, నలిగిన బొంగు పేలాల పొట్లమో.

పైసలకు బదులు వచ్చినవే ఎక్కువ రోజులు మా ఇంటిని నడిపాయి. కల్లం అయ్యాక వడ్ల బస్తా, తోట కోశాక గంపెడు బత్తాయిలు, కంది గుగ్గిళ్లకు పచ్చి కందికాయ, ఒకసారి ఏకంగా పాలిచ్చే మేక. తండాల నుంచి వచ్చేవాళ్లు జొన్నలు తెచ్చేవాళ్లు. ఖాతా పుస్తకం ఉండేది గానీ అందులో ఎదురుగా టిక్కు పడని పేర్లు చాలానే ఉండేవి. పంట పోయిన ఏడాది ఆ పేజీని మడిచి పెట్టేవాడు. అడగడానికి మాత్రం పోలేదు. ఇంత మెతకదనంతో ఇల్లెట్లా గడిచిందని ఇప్పుడు అందరూ అడుగుతారు. గడిచింది, ఎందుకంటే తన మీద తాను ఖర్చు పెట్టుకోవడం ఆయనకు తెలియదు. రెండు జతల ఖాకీ ప్యాంట్లు, రెండు అంగీలు, పండుగకు ఒక ధోతి. చాయ్ అలవాటు ఉండేది. బీడీ కట్ట జేబులో పెట్టుకునేది రైతుల కోసమే, తను తాగడు.

తన పెళ్లి వాయిదా వేసుకుని ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశాడు. బతుకమ్మ పండుగ తొమ్మిది రోజులూ మేనత్తలు మా ఇంట్లోనే ఉండాలి, అది ఆయన పెట్టిన నియమం. ఆ రోజుల్లో మోటరు పనికి పోయి వచ్చేటప్పుడు ఎక్సెల్ ముందు తంగేడు, వెనక గునుగు కట్టలు, టూల్సు సంచి మీద కట్ల పూలు. ఏ ఊరి చెలకల్లో గునుగు బాగుందో, ఏ గుట్ట కింద తంగేడు ముందుగా పూస్తుందో ఆయనకు మోటర్లంత బాగా తెలుసు. దసరా నాడు పనిముట్లన్నీ కడిగి, తక్కెడకు, చుట్టుడు మిషనుకు కుంకుమ పెట్టి, ఆ ఒక్కరోజు మోటరు ముట్టేవాడు కాదు. మాఘమాసంలో చెరువుగట్టు జాతరకు ఇంటిల్లిపాదినీ తీసుకుపోయేవాడు. నార్కట్‌పల్లి దాకా బస్సు, అక్కడి నుంచి గుట్టకు. మెట్లమీద తమ్ముడిని భుజాన ఎక్కించుకుని, అమ్మమ్మ చేయి పట్టుకుని ఎక్కేవాడు.

అక్కను నల్గొండలో హాస్టల్లో పెట్టి డిగ్రీ చదివించినప్పుడు ఆయన లెక్క చాలా సూటిగా ఉండేది. వారానికి ఒక 5 హెచ్‌పీ వైండింగ్ కూలీ అక్కది. అది ఇంటి ఖర్చులో కలవదు. మోటర్లు రాని వానకాలంలో ఆ వాటా కోసం ఫ్యాన్లు, మిక్సీలు కట్టేవాడు, సన్న వైరుతో కళ్లు గుంజేవి. ఖాళీ బాబిన్లు వైరు దుకాణంలో తిరిగిస్తే వచ్చే చిల్లర అమ్మది. దాని లెక్క ఆయన ఎన్నడూ అడగలేదు.

*

2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది, మోటర్లు పెరిగాయి. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు ఇచ్చారు, ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పారు. నాయిన ఆ మాట ఏళ్లుగా చెబుతూనే ఉన్నాడు. లైను నిలకడగా ఉండేసరికి కాలే మోటర్లు తగ్గాయి. తన పని తగ్గినా ఆయన సంతోషపడ్డాడు. రాత్రిపూట పొలం కాడ పాము కరిచో, షాకు కొట్టో పోయినవాళ్ల ఇళ్లకు ఎన్నిసార్లు పోయొచ్చాడో మాకు తెలుసు.

మా దిక్కు బోరు నీళ్లలో ఫ్లోరైడు. ఏ ఊరికి పోతే ఆ ఊరి నీళ్లు తాగిన మనిషి. చివరికి మోకాళ్లు మడవరాకుండా అయ్యాయి, గోనెపట్టా మీద కూర్చోలేక ఎత్తు పీట చేయించుకున్నాడు. కోదండాపురం నుంచి హైదరాబాద్ పట్నానికి కృష్ణ నీళ్లు పెద్ద పైపుల్లో పోతుంటే, ఆ పైపుల పక్క ఊళ్లలో చాలామంది ఎన్నో ఏళ్లు బోరు నీళ్లే తాగారు. ఇది మాత్రం ఇప్పటికీ మనసుకు పట్టదు. ఊరి మంచినీళ్ల ట్యాంకు మోటరు కాలిందంటే ఆయన చేతిలో ఏ పని ఉన్నా పక్కన పెట్టేవాడు. ఆ పనికి రాగి ధర తప్ప కూలీ రాయలేదు.

చూపు మందగించాక గేజు నంబర్లు తమ్ముడు చదివి చెప్పేవాడు. చేతులు మాత్రం చివరిదాకా ఆగలేదు. కొత్తగా పని నేర్చుకునే పిల్లలకు మొదట కాగితం మడత, వెదురు పుల్ల. తనకు నేర్పినట్టే. అట్లా నేర్చుకున్న ముగ్గురిలో ఇద్దరికి ఇప్పుడు సొంత దుకాణాలున్నాయి. ఫర్మాలు వాళ్లకే పంచి ఇచ్చాం. తక్కెడ అమ్మ ఎవరికీ ఇవ్వనంది.

ఒక సంగతి పని చేసేవాళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నా. నాయిన కట్టిన మోనోబ్లాకుల కనెక్షన్ డబ్బా మూత లోపల తెల్ల పెయింటుతో నాలుగు అంకెలు ఉంటాయి. సబ్‌మెర్సిబుల్‌కు డబ్బా ఉండదు కాబట్టి కేబులు బయటికొచ్చే పైమూత అంచు మీద పంచులతో కొట్టేవాడు. మొదటిది వైరు గేజు, రెండోది ఎన్ని పోగులు కలిపి కట్టిందీ, మూడోది కాయిలుకు చుట్లు, నాలుగోది పెద్ద కాయిలు పడే స్లాటు. పక్కన చుక్క ఉంటే స్టారు, ముక్కోణం ఉంటే డెల్టా. చింతపల్లి, నాంపల్లి దిక్కు ఇవి ఇంకా చాలా నడుస్తున్నాయి. అట్లాంటిది మీ చేతికొస్తే లెక్క కోసం పాత కాయిలు విప్పి చూడాల్సిన పని లేదు, ఆ అంకెల ప్రకారమే కట్టండి. గేజు మాత్రం ఎనామిల్ తీసిన కొలత.